నీలం కోటుకు సున్నా మార్కులు

“నీలం కోటుకు సున్నా వెయ్యి,” అన్నాడు లైన్‌మాన్.

రిపోర్టు ఫారం మీద పెన్ను పెట్టిన భార్య తలెత్తి చూసింది. “మీకు మతిగాని పోయిందా? వారమంతా దాన్ని ఒంటి మీంచి దించలేదు. భోజనానికి కూడా విప్పనని మొండికేశారు. ఇప్పుడు సున్నానా?”

“అందుకే సున్నా.”

వంటగది తలుపుకు రెండు చలికోట్లు వేలాడుతున్నాయి. ఒకటి నీలం, ఒకటి బూడిదరంగు. ఈ చలికాలానికి కరెంటాఫీసు స్టోరులోకి ఈ రెండు రకాలూ దిగాయి. ఒక రకం మంచులో స్తంభాలెక్కి తీగలు సరిచేసే లైన్‌మాన్‌లకు, ఇంకో రకం హీటరు పక్కన కూర్చుని ఫైళ్లు సరిచేసే ఆఫీసర్లకు. ఎవరికి ఏదన్నది పెద్దసారు తేలుస్తారు. ఆయనకు తేలడం కోసం, ఒక్కోటి వారం చొప్పున తొడుక్కుని పదికి మార్కులు వెయ్యమని అందరిలోకీ సీనియరైన మన లైన్‌మాన్‌కు రెండూ ఇచ్చి పంపారు.

“పోయిన ఏడాది బూట్లు పరీక్షించిందెవరు? నేనే. తోలు బూట్లు బ్రహ్మాండమని రాసిందెవరు? నేనే. చివరికవి ఎవరి కాళ్లకెళ్లాయి?”

“పెద్దసారు కాళ్లకి.”

“అంతకు ముందేడు చేతి తొడుగులు?”

ఆమెకది బాగా గుర్తుంది. ఆ ఏడు చలికి ఆయన వేళ్లు కొయ్యబారిపోతే, నెల రోజులు చొక్కా గుండీలు తనే పెట్టింది. ఫారం దగ్గరికి లాక్కుని నీలం కోటుకు ఎదురుగా గుండ్రంగా సున్నా చుట్టింది.

చుట్టిందే గాని, ఇద్దరికీ ప్రాణం ఉసూరుమంది. ఆ కోటు లైన్‌మాన్ ఒంటి కొలతలు తీసుకుని కుట్టినట్టే ఉంది. చేతులెత్తి తీగ బిగిస్తున్నా నడుం దగ్గర పైకి లేవదు. దానికున్న టోపీ హెల్మెట్ మీదుగా వస్తుంది. తొడుగులున్న చేత్తోనే జిప్పు లాగొచ్చు. మంచు కరిగి ఒంటి మీద ధారకట్టినా లోపలికి చుక్క దిగదు. బూడిద కోటు మాత్రం చూపులకు పరుపంత లావు. చెయ్యెత్తితే చాలు, వీపును గాలికి అప్పగిస్తుంది. తడిస్తే లోపలి దూది ముద్దకట్టి, ఇసుక బస్తా మోస్తున్నట్టుంటుంది.

“బూడిదదానికి పదికి పది,” అన్నాడు లైన్‌మాన్. “వివరం అన్నచోట, చాలా వెచ్చగా ఉంది అని రాసెయ్.”

“అంత చప్పగా రాస్తే ఎవరు నమ్ముతారు? మీరు ఊరుకోండి.” ఆమె పెన్ను విదిలించి రాసి, పైకి చదివింది. “‘అయ్యా, బూడిద కోటు తొడుక్కుని స్తంభమెక్కితే, బడికి సెలవని చెప్పి అమ్మ మళ్లీ దుప్పటి కప్పినట్టుంది. ఇరవై ఏళ్ల సర్వీసులో చలికి కళ్లనీళ్లు పెట్టుకున్నాను గాని, వెచ్చదనానికి పెట్టుకోవడం ఇదే మొదటిసారి.’”

“కొంచెం ఎక్కువైందేమోనే?”

“తక్కువైతే వణికేది మీరే.”

పది రోజుల తర్వాత ఆఫీసు హాల్లో పంపకాల సభ పెట్టారు. భార్యలను కూడా వెంట తెమ్మన్నారు. బల్ల మీద నీలం కోట్లు ఒక గుట్ట, బూడిద కోట్లు ఒక గుట్ట. గుమాస్తా వచ్చి లైన్‌మాన్ చెవిలో ఊదాడు. “ఏం రాశావయ్యా బాబూ! నీ రిపోర్టు చదివి పెద్దసారు బూడిద కోటు ఇంటికి పట్టుకెళ్లాడు. రెండు రోజులు వెనక్కివ్వలేదు.”

లైన్‌మాన్ భార్య వైపు చూసి కన్నుగీటాడు. నీలం గుట్టలో తన సైజు ఏ వరసలో ఉందో కూడా అప్పుడే చూసి పెట్టుకున్నాడు.

పెద్దసారు మైకు అందుకున్నారు. చేతిలో ఆ రిపోర్టే ఉంది.

“ఇది నేను మూడుసార్లు చదివాను. మా ఆవిడ చదివి ఏడ్చింది. ఏటా మంచివన్నీ ఆఫీసర్లం తీసుకుని, మిగిలినవి లైన్‌మాన్‌లకు ఇస్తున్నాం.”

“లేదు సార్!” అని గుమాస్తాలంతా అలవాటు కొద్దీ అరిచారు.

“కాదనకండి. ‘ఒకడికి వెచ్చదనంతో కళ్లనీళ్లు తెప్పించిన కోటు మీరు తొడుక్కుంటారా?’ అని మా ఆవిడ నిలదీసింది. నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అందుకని ఈసారి బూడిద కోట్లన్నీ లైన్‌మాన్‌లకే!”

హాలు చప్పట్లతో మోగిపోయింది. తోటి లైన్‌మాన్‌లు మనవాణ్ణి అమాంతం భుజాల మీదికి ఎత్తి, తీసుకెళ్లి పెద్దసారు ముందు దించారు. వెనక వరసలో భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

“సార్... రిపోర్టులో చిన్న పొరపాటు... నీలంది కూడా మరీ అంత...”

“చూశారా!” పెద్దసారు హాలు వైపు తిరిగారు. “ఇప్పుడు కూడా మంచిది మాకే వదిలేద్దామని చూస్తున్నాడు! నీ త్యాగాలు ఇక చాలయ్యా.”

పరుపులాంటి బూడిద కోటును స్వయంగా అతనికి తొడిగి, జిప్పు గొంతు దాకా లాగి, కౌగిలించుకుని, పెద్దసారు ఫొటోకు నవ్వారు. తర్వాత నీలం గుట్ట వైపు చూసి బరువుగా నిట్టూర్చారు.

“ఆ పనికిమాలినవంటావా, వాటిని మేమే ఎలాగో భరిస్తాం!”