అన్నీ చూసిన కారు

"ఆ కారు కెమెరా తీసిన వీడియో వేసి చూపించమనండి," అంది గ్రసియేలా విచారణ గదిలో మూడోసారి.

డ్రైవరు లేని కార్ల కంపెనీ లాయరు ప్రెస్కాట్ టై సవరించుకున్నాడు. "అది వ్యాపార రహస్యం, మేడమ్."

"నడివీధిలో రెండు కార్లు గుద్దుకోవడం రహస్యమా?"

గ్రసియేలా కారూ, కంపెనీ కారూ మిషన్ వీధి కూడలిలో గుద్దుకున్నాయి. తెల్లవారుజాము, పొగమంచు, సాక్షులు లేరు. కంపెనీ కారులో మనిషే లేడు. ఎర్రలైటు ఎవరికి పడిందో తేలాలి. తప్పు గ్రసియేలాదేనని కంపెనీ ఫిర్యాదు. అదే ఖాయమైతే స్కూలు బస్సు నడిపే అనుమతి రద్దవుతుంది. ఆ బస్సు తప్ప ఆమెకు వేరే బతుకుతెరువు లేదు.

విచారణాధికారిణి హాల్వర్సన్ కంపెనీ ఇచ్చిన ప్రమాద నివేదికను పైకెత్తి చూపింది. తేదీ తప్ప మిగతాదంతా నల్లగా కొట్టేసి ఉంది.

"ఇందులో నేనేం చదువుకోవాలి?"

"ప్రజలకి చెప్పాల్సింది చెప్పామండీ. తేదీ ఉంది కదా."

"వీడియో మీరైనా చూశారా?"

"లేదండీ. మా దగ్గర చూసినవాళ్ళు మాట్లాడకూడదు, మాట్లాడేవాళ్ళు చూడకూడదు. ఒక్కటి బయటపెడితే ప్రతి ప్రమాదానికీ అడుగుతారు."

చెల్లెలు నిల్డా మోచేత్తో పొడిచింది. "ఊరుకో అక్కా. అంత పెద్ద కంపెనీతో మనకెందుకు?"

"సిగ్నల్ సంగతి మీరేమంటారు?" అనడిగింది అధికారిణి.

"నేనేం చెప్పినా నా కోసం చెప్పుకున్నానంటారు," అంది గ్రసియేలా. "ఆ కారుకి ఒళ్ళంతా కళ్ళేనట. అది చూసింది చూపించమనండి. మా పిల్లలు రోజూ దాని ముందు నుంచే రోడ్డు దాటుతున్నారు. ఏం జరిగిందో మాకు తెలియక్కర్లేదా?"

వెనక వరసల్లో చప్పట్లు మోగాయి. ప్రెస్కాట్ ఫోను పట్టుకుని బయటికి వెళ్ళాడు. అతను తిరిగొచ్చేదాకా గ్రసియేలా తలుపు వైపే చూస్తూ కూర్చుంది.

"పైవాళ్ళు ఒప్పుకోలేదండీ," అన్నాడు ప్రెస్కాట్ వచ్చి. "వీడియో ఇవ్వడం కంటే ఫిర్యాదు వెనక్కి తీసుకోవడమే నయమన్నారు."

"అయితే ఈవిడ తప్పుందని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు," అంది హాల్వర్సన్. "సోమవారం నుంచి బస్సు నడుపుకోవచ్చు, గ్రసియేలా గారూ."

బయట మెట్ల మీద ముక్కూమొహం తెలియని పెద్దాయన వచ్చి, మీలాంటివాళ్ళు ఉండబట్టే నిజం బతుకుతోందమ్మా అని చెయ్యి కలిపి వెళ్ళాడు. గ్రసియేలా తల వంచుకుంది. నిల్డాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"నీది మామూలు మొండితనం కాదక్కా. వాళ్ళ చేత ఆ వీడియో వేయించేదాకా వదలవనుకున్నా."

"వెయ్యరని తెలుసు. ఇన్నేళ్ళలో ఒక్కటైనా వేశారా?"

"వేస్తే మాత్రం? మనకే మంచిదయ్యేది."

గ్రసియేలా చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"ఎర్రలైటు దాటింది నేనేనే."