ఏడు రోజుల వాపసు

జయరాముడు పట్టుచీరను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"గంధం," అన్నాడు. "పెండ్లిలో పూసిన గంధం. కట్టుకుని విప్పిన చీర ఇది."

ధర్మవరంలోని జయరాముడి చీరల అంగడిలో అమ్మకాలు చూసేది త్రివేణి ఒక్కతే. ఆమె కౌంటరు వెనక స్టూలు మీద తీరిగ్గా కూర్చుని ఉంది.

"బిల్లు ఉండాదన్నా. లేబుల్ ఊడలేదు. ఏడు దినాలు దాటలేదు. దుడ్లు వాపసు ఇచ్చేసినా."

నిరుడు జరీ నల్లబడిందని ఒకాయన జయరాముణ్ణి వినియోగదారుల కోర్టుకు లాగాడు. కేసు ఓడిపోయాక, ఇంకో కేసు రాకూడదని, "నచ్చకపోతే ఏడు రోజుల్లో వాపసు" అని బిల్లు మీద అచ్చు వేయించాడు. అచ్చు వేసిన మాట తప్పితే అదే మళ్లీ కేసవుతుందని వకీలు చెప్పాడు. ఆ తర్వాత లేబర్ ఆఫీసరు వచ్చి వెళ్లాడు. త్రివేణికి స్టూలు వచ్చింది, వారానికో సెలవు వచ్చింది, నియామక పత్రం వచ్చింది.

ఇవన్నీ జయరాముడు ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఒక్క కదిరమ్మనే.

కదిరమ్మ, ఊరు యాడికి అని బిల్లులో ఉంటుంది. ముహూర్తానికి ముందురోజు చీర కొంటుంది. ముహూర్తం దాటిన రెండో రోజు వాపసు ఇస్తుంది. నాలుగు ముహూర్తాలు, నాలుగు చీరలు. అది కూడా సరిగ్గా జయరాముడు మగ్గాల దగ్గరికి పోయిన పూటే వస్తుంది.

"ఆయమ్మ ఎట్లుంటాది?"

"ఆడమనిషి మాదిరే ఉంటాదన్నా."

"ఫోన్ నంబరు యాడ?"

"ఇయ్యనంటే బలవంతంగా అడగకూడదంట. పేపర్లో చదివి నువ్వే చెప్తివి గదా."

"రేపట్నుంచి నువ్వు పనికి రావద్దు."

"రాతలో ఇయ్యన్నా. నెల ముందు ఇయ్యాల. నువ్వు సంతకం పెట్టిన కాగితంలోనే ఉండాది."

జయరాముడు ఫ్యాను కింద నిలబడి రెండు గ్లాసుల నీళ్లు తాగాడు.

మరుసటి వారం పట్టునూలు వ్యాపారి నారాయణ ఇంట్లో పెళ్లి, పెనుకొండలో. ముందురోజు కదిరమ్మ వచ్చి చీర కొనుక్కుపోయింది. వంగపండు రంగు, అంచుకు బంగారు హంసలు. జయరాముడు చెప్పి ఉంచినట్టే త్రివేణి ఆ చీరను ఫోటో తీసి పంపింది. కట్టుకుని ఉండగా కళ్లారా చూసి పట్టుకుంటే చట్టం తన పక్కకు కూడా తిరుగుతుందని జయరాముడి లెక్క.

భార్య ఓబులమ్మను బండి వెనక ఎక్కించుకుని కల్యాణమంటపానికి వెళ్లాడు. దిగీ దిగగానే ఫోన్ చేతిలో పట్టుకుని వరసలు తిరగడం మొదలుపెట్టాడు. ఒకసారి ఫోన్ చూస్తాడు, ఒకసారి కొంగు చూస్తాడు. మూడో వరసలో ఒక అవ్వ కొంగు లాక్కుంది.

"ఏమప్పా, ఈ వయసులో ఇదేం బుద్ధి నీకు?"

"చీర కోసం చూస్తాండా అవ్వా."

"చీరలు అంగట్లో ఉంటాయి. ఈడ ఆడోళ్లుంటారు."

పెళ్లికూతురి మేనమామ వచ్చి భుజం మీద చెయ్యి వేసి, మర్యాదగానే, మగవాళ్ల వైపు నడిపించాడు.

జయరాముడు వెనక్కి తగ్గలేదు. భోజనాల దగ్గర సాంబారు బకెట్టు అందుకున్నాడు. వడ్డించేవాడిని ఎవరూ అనుమానించరు. కళ్లు చీరల మీద పెట్టి ఇద్దరికి పాయసంలో, ఒకామెకు మంచినీళ్ల గ్లాసులో సాంబారు పోశాడు. బకెట్టు లాగేసుకున్నారు.

చేతులు కడుక్కుంటుంటే ఓబులమ్మ వచ్చింది.

"ఎవర్ని వెతుకుతాండావు?"

"ఒక చీరను."

"కనపడిందా?"

"ల్యా."

"బాగా చూడు. ఈడే యాడో ఉంటాది."

ఇంకో రెండు చుట్లు తిరిగాడు. కనిపించలేదు.

పెళ్లి దాటిన రెండో రోజు, ఆయన మగ్గాల దగ్గరున్నప్పుడు, ఆ చీర వాపసు వచ్చింది. జయరాముడు అంగడికి వచ్చి దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కోపం రాలేదు. మొదటిసారి సిగ్గేసింది.

"త్రివేణీ, నేనే తప్పు చేసినానేమో. ఆయమ్మ పెండ్లికే రాలేదు. నిజంగానే నచ్చలేదేమో చీర. నిజాయితీ మనిషిని దొంగ కింద జమకట్టేస్తిని."

"పోనీలేన్నా," అంది త్రివేణి, చీర మడత పెడుతూ.

"ఈసారి వస్తే కాఫీ తెప్పించి ఇయ్యి. మా ఓబులమ్మతో ఇప్పుడే ఫోన్‌లో చెప్పినా ఈ మాటే. ఆమె కూడా మంచి పని అనింది."

సాయంత్రం నారాయణ పెళ్లి ఫోటోలు పంపించాడు. జయరాముడు ఒక్కొక్కటే వేలితో జరుపుతూ, తను వధూవరుల మీద అక్షింతలు వేస్తున్న ఫోటో దగ్గర ఆగి, పెద్దది చేసి చూశాడు.

ఆయన భుజానికి భుజం ఆనించి, బంగారు హంసలన్నీ కనిపించేలా వంగపండు రంగు కొంగు పరుచుకుని, ఓబులమ్మ నవ్వుతోంది.