కుడి కాలి గోరు

"యూరిక్ యాసిడ్ ముప్ఫై రెండు," అన్నాడు పశువుల డాక్టరు. "పది దాటకూడదు. కిడ్నీలు పోయినట్టే."

పంజరంలో చిలక ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది. తిండి మానేసి నాలుగు రోజులు.

"మరి?" అంది చిలకని తెచ్చినావిడ.

"బాధపడకుండా ప్రాణం పోయే సూది ఉంది. ఆలోచించుకోండి."

ఆయన వేలికి కొత్త కట్టు. గోరు కత్తిరించి రక్తం తీస్తుంటే చిలక కొరికిన చోటు.

ఆవిడ పంజరంతో బయటికొచ్చి బెంచీ మీద కూలబడింది.

రెండేళ్ళ కిందట వంటింటి కిటికీలోంచి వచ్చి, పోయిన అత్తగారి కుర్చీ ఎక్కి, ఇక దిగనన్న చిలక అది. ఆ దర్జాకి దొరగారని పేరు పెట్టారు.

"దొరగారూ, నువ్వూ పోతే ఆ ఇంట్లో నా మాటకి జవాబెవరిస్తారు?"

బెంచీకి అటు చివర మాసిన చొక్కా పెద్దాయన. ఒళ్ళో గుడ్డ కప్పిన పంజరం. అదేపనిగా ఇటే చూస్తున్నాడు. ఆవిడ చేతిసంచీ ఇవతలికి జరుపుకుంది.

"రక్తం తీసేముందు కాలు కడిగారా అమ్మా?"

"చిలక్కి పెళ్ళికొడుకు మర్యాదలు కూడానా?"

ఆయన నవ్వలేదు.

"డాక్టరు మాటలు ఇక్కడికి వినిపించాయి. పక్షి రెట్టలో తెల్లగా ఉండేదే యూరిక్ యాసిడ్. గోటికి అంటుకుని ఉంటే రక్తంలో కలుస్తుంది, అంకె పెరుగుతుంది. ముప్ఫయ్యేళ్ళు ల్యాబులో ఇదే నా పని. కడిగి మళ్ళీ తియ్యమనండి. కుడికాలు పట్టుకుంటే కొరకదు."

ఆవిడ లోపలికెళ్ళి చెప్పింది.

డాక్టరు ముఖం చిట్లించాడు. "ఇంటర్నెట్టులో చదివారా?"

"బెంచీ మీద."

కాలు కడిగారు. దొరగారు కుడికాలు తనే చాపాడు.

ఫలితం వచ్చేలోగా ఆవిడ గోడ మీది బొమ్మలో కుక్క పళ్ళన్నీ రెండుసార్లు లెక్కపెట్టింది.

"ఎనిమిది," అన్నాడు డాక్టరు, గొంతు తగ్గించి. "కిడ్నీలు బాగానే ఉన్నాయి. ఈకలు రాలే కాలం, ఆ నీరసమే."

ఆవిడ పరుగున బయటికొచ్చింది.

బెంచీ మీద పెద్దాయన లేడు. పంజరం ఉంది. గుడ్డ తీసి చూసింది. ఖాళీ. గిన్నెలో మాత్రం తేటగా, అప్పుడే పోసిన నీళ్ళు.

"పంజరం మర్చిపోయినట్టున్నారు," అంది, చీటీలు రాసే అమ్మాయితో.

"ఇంక అక్కర్లేదన్నారు మేడమ్."

"ఎవరాయన?"

"ఎక్కడుంటారో తెలీదండీ. ఎగిరిపోయిన తన చిలకని ఎవరైనా తెచ్చారా అని రెండేళ్ళుగా వారం వారం వచ్చి అడుగుతారు. ఇవాళే, అడక్కుండా వెళ్ళిపోయారు."