మీరావలి నమాజు నేర్పించిన వైనం

"లేస్తావా, నీళ్లు కుమ్మరించమంటావా?"

దుప్పటి కదల్లేదు. మసీదు మైకులో తెల్లవారుజాము అజాన్ అప్పుడే అయింది. మీరావలి నడుం మీద చేతులు పెట్టుకుని కూతురి మంచం పక్కన నిలబడ్డాడు.

"ఏడేళ్లొచ్చాయి కౌసర్! నమాజు అలవాటు చేసుకోవాలా, వద్దా?"

"మీరు కూడా చేస్తే లేస్తానబ్బా," అంది దుప్పటి.

మీరావలి నడుం మీది చేతులు దించేశాడు. పిల్లని లేపేసి మళ్లీ పడుకుందామని లేచిన మనిషాయన. భీమవరంలో మోటార్ వైండింగ్ షాపు పెట్టాక ఆయనకు నమాజంటే శుక్రవారమే. అదీ ఆఖరి వరసలో, చెప్పులకు దగ్గరగా. కూతురు కూడా తనలాగే తయారవుతుందేమోనన్న భయం మాత్రం నిజం. పైగా వచ్చే నెల అరబీ బడిలో మౌల్వీగారు తల్లిదండ్రుల ముందే పిల్లల చేత నమాజు చేయిస్తారట. అక్కడ పిల్ల బిక్కమొహం వేస్తే పోయేది తన పరువే.

"సరే, పద," అన్నాడు ఏడవలేక నవ్వుతూ.

మొదటిరోజే తేలిపోయింది, పిల్లకి ఓనమాలు కూడా రావని. మోకాళ్ల మీద చేతులానించి వంగాల్సిన చోట ఏకంగా నుదురు నేలకానించేసింది.

"ఒకసారి మీరు చేసి చూపించరా అబ్బా?"

మీరావలి చాప మీద నిలబడ్డాడు.

"వజూ చేసుకోలేదుగా! ఊరికే చూపిస్తే లెక్కలోకి రాదంట. నిజంగా చెయ్యాలంట."

మీరావలి గొణుక్కుంటూ కుళాయి దగ్గరికెళ్లి ముఖం, కాళ్లు, చేతులు కడుక్కుని వచ్చాడు.

పొద్దున నేర్పింది పిల్ల సాయంత్రానికి మర్చిపోయేది. సాయంత్రం నేర్పింది మర్నాటికి మర్చిపోయేది. అన్నీ వాళ్లమ్మ పోలికలే అనుకున్నాడు మీరావలి. అది చాలదన్నట్టు కొత్త పేచీ ఒకటి. "మధ్యాహ్నం నేను బడిలో ఉంటాగా. అప్పటి నమాజులు మీరు షాపులో చేసి, ఎలా చేశారో రాత్రికి చెప్పండబ్బా."

కాదంటే పిల్ల చదువు పాడవుతుందని ఒప్పుకున్నాడు.

"ఏంటండి మీరావలి గారూ, మోటారు విప్పి పడేసి ఎక్కడికండీ? అవతల చెరువులో నా రొయ్యలు తేలిపోతాయండి!" అని మొత్తుకున్నాడు ఓ మధ్యాహ్నం, చెరువు నీళ్లకు గాలి పట్టించే మోటారు బాగు చేయించుకోడానికొచ్చిన బుల్లబ్బాయి.

"పది నిమిషాలండి. నమాజు. మా అమ్మాయికి అలవాటు చేస్తున్నానండి."

"అమ్మాయేదండీ?"

"బడికెళ్లిందండి."

బుల్లబ్బాయి ఆయన్ని ఎగాదిగా చూశాడు.

ఎటొచ్చీ కూర్చుని చదివే అత్తహియ్యాత్ దగ్గరే మీరావలి బండి ఆగిపోయేది. సగం చదివి, మిగతా సగం పెదాలు కదిపి సరిపెట్టేవాడు. "ఇక్కడి నుంచి మనసులో చదువుకోవాలమ్మా," అని కూతురికి గంభీరంగా చెప్పాడు. పసిపిల్లకి ఏం తెలుస్తుందిలే అని ఆయన ధీమా.

నెల చివర్లో ఒకనాడు అజాన్ కంటే ముందే ఆయనకు మెలకువ వచ్చింది. వజూ చేసుకుని చాప పరిస్తే, కౌసర్ కళ్లు నులుముకుంటూ వచ్చి పక్కన నిలబడింది. నమాజయ్యాక చిన్న చిన్న అరచేతులు చాచి దువా చేస్తున్న పిల్లని చూస్తే ఆయనకు కళ్లు చెమర్చాయి. తండ్రినయినందుకు ఇంతకంటే ఏం కావాలనిపించింది.

"చూశావా, పిల్లల్ని దార్లో పెట్టడమంటే అలా!" అన్నాడు భార్యతో.

"చూస్తూనే ఉన్నానండీ," అంది జైనబీ, కొంగు నోటికడ్డం పెట్టుకుని.

మౌల్వీగారు పిల్లల చేత నమాజు చేయించే శుక్రవారం రానే వచ్చింది. మీరావలి ఇస్త్రీ లాల్చీ వేసుకుని, అత్తరు రాసుకుని, మసీదు వరండాలో ఈసారి ముందు వరసలో కూర్చున్నాడు. కౌసర్ లేచింది. చేతులు కట్టడం దగ్గర్నుంచి చివర్లో తల అటూ ఇటూ తిప్పి సలాం చెప్పడం దాకా ఒక్క తప్పు లేదు, ఒక్క తడబాటు లేదు. మీరావలి నోరు తెరిచాడు. ఇదే పిల్ల పొద్దున ఇంట్లో మూడుచోట్ల తప్పింది!

అయినా వచ్చిన పేరు వదులుకుంటాడా?

"అంతా నేనే దగ్గరుండి నేర్పించానండి," అన్నాడు.

మౌల్వీగారు నవ్వారు. "కౌసర్‌కి నమాజు పోయిన రంజాన్‌కే వచ్చేసిందండి. ఇప్పుడు పిల్లలకి నేనొక బాధ్యత ఇచ్చాను. ఇంట్లో నమాజు ఎగ్గొట్టేవాళ్లు ఎవరున్నా, నొప్పించకుండా దార్లో పెట్టి నా దగ్గరకు తీసుకురమ్మన్నాను. ఏమ్మా కౌసర్, నీ పని ఎంతవరకొచ్చింది?"

కౌసర్ వచ్చి తండ్రి చిటికెనవేలు పట్టుకుని ముందుకు లాక్కెళ్లింది. ఆయన పరువు పోకూడదని గొంతు బాగా తగ్గించి, వరండా అంతటికీ వినపడేలా చెప్పింది.

"అన్నీ వచ్చేశాయండి. అత్తహియ్యాత్ ఒక్కటే సగంలో మింగేస్తున్నారు. ఇంకో వారం టైమివ్వండి."