బెంచీ మనిషి

కిటికీలోంచి చూస్తూ మేనేజరమ్మ ఫోన్ చెవికి మరింత నొక్కిపెట్టింది.

"మళ్ళీ వచ్చాడు సార్. గేటుకెదురుగా బస్‌స్టాప్‌లో కూర్చున్నాడు. పక్కన మన పాలిష్ పట్టే అమ్మాయి."

"ఏం మాట్లాడుకుంటున్నారు?" అడిగాడు అవతల యజమాని.

"ఇక్కడికి వినబడదు సార్. అమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది."

"మొన్న మానేసినవాడూ ఆ బెంచీ మీదే కూర్చున్నాడన్నావు కదమ్మా. ఇంకా ఆలోచిస్తావేంటి? అవతలి కంపెనీవాళ్ళు మనవాళ్ళని ఒక్కొక్కళ్ళనే లాగేస్తున్నారు. ఈ ఆస్పత్రి ఆర్డరు చెయ్యి జారిందంటే నువ్వూ నేనూ ఇంట్లో కూర్చోవాలి."

ఫోన్ పెట్టేశాడు.

కృత్రిమ కాళ్ళు తయారుచేసే కంపెనీ అది. చెయ్యి తిరిగిన పనివాళ్ళు లేకపోతే ఏ పనీ సాగదు. వాళ్ళను నిలబెట్టుకోవడానికి ఆవిడ చెయ్యనిది లేదు. గోడలకు కొత్త రంగులు వేయించింది. కాఫీ మిషను పెట్టించింది. పుట్టినరోజులకు కేకులు కోయించింది. అయినా మంచివాళ్ళు వెళ్ళిపోతూనే ఉన్నారు. ఇంటర్వ్యూకొచ్చిన కొత్తవాళ్ళు గేటు దగ్గర పాతవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడి, ఆ తర్వాత ఫోనెత్తడమే మానేస్తున్నారు.

అంతా ఆ బెంచీ మనిషి పనే.

ఆవిడ గబగబా మెట్లు దిగింది. వాచ్‌మన్ వెనకే వచ్చాడు.

ఆవిడను చూడగానే అమ్మాయి లేచి లోపలికి జారుకుంది. బెంచీ మనిషి కదల్లేదు. అరవై దాటినట్టున్నాడు. ఇస్త్రీ ప్యాంటు, నిగనిగలాడే బూట్లు.

"ఎంతిస్తామంటున్నారండీ మావాళ్ళకి?"

"నేనిచ్చేదేముందమ్మా. ఊరికే మాట్లాడుకుంటున్నాం."

"ఏడిపించే మాటలా?"

"ఏడుస్తూనే వచ్చిందమ్మా లోపల్నించి."

ఆవిడకు ఒళ్ళు మండింది.

"మావాళ్ళ సంగతి మేం చూసుకుంటాం. రేపట్నించి ఇక్కడ కనబడితే పోలీసులకు ఫోన్ చేస్తాను."

దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆయన ముఖం కందిపోయింది.

"లోపల అచ్చులు తీసే మాస్టారికి ఒక్క మాట చెప్పి వెళ్ళనా?"

"అక్కర్లేదు."

"సరేనమ్మా, రాను. వాళ్ళని మాత్రం మరీ కసురుకోకండి."

బెంచీ అంచు పట్టుకుని లేచాడు. తొందర లేకుండా నడిచి మలుపు తిరిగాడు.

హమ్మయ్య అనుకుంది మేనేజరమ్మ.

వారం తిరక్కుండానే పాలిష్ పట్టే అమ్మాయి మానేసింది. ఆ వెనకే మరో ఇద్దరు. ఇవాళ పొద్దున్నే మాస్టారు వచ్చి తన ఐడీ కార్డు ఆవిడ బల్ల మీద పెట్టారు. కాళ్ళకు అచ్చులు తీయడంలో ఆయనను మించినవాళ్ళు లేరు. ఆస్పత్రి ఆర్డరంతా ఆయన మీదే నడుస్తోంది.

ఆవిడ కుర్చీలోంచి లేచింది.

"జీతం పెంచుతాను మాస్టారూ. ఎంతో మీరే చెప్పండి."

"జీతం గొడవ కాదు మేడమ్."

"ఎవరు పిలిచారు? ఆ బెంచీ మనిషేనా? తరిమేసినా వదల్లేదా?"

"తరిమేశారనే వెళ్తున్నాను."

ఆవిడ అయోమయంగా చూసింది.

"ఎప్పుడో మానేద్దామనుకున్నాను. ఆయనే ఆపారు. ఆ అమ్మాయినీ ఇన్నాళ్ళూ ఆయనే ఆపారు. మీ దగ్గర చివాట్లు తిని బయటికొచ్చినవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, 'మీలాంటి చేతులు ఊరికే దొరకవు, కాస్త ఓర్చుకోండి' అని బతిమాలేవారు."

"మన గొడవ ఆయనకెందుకు? అసలెవరాయన?"

"ఇదివరకు లోపలికే వచ్చేవారు. కొత్తగా చేరినవాళ్ళ ముందు అటూ ఇటూ నడిచి చూపించేవారు. ఆ నడక చూసే మేమంతా ఈ పనిలో ఉండిపోయాం. బయటివాళ్ళు వర్క్‌షాపులోకి రాకూడదని మీరు రూలు పెట్టారు. అప్పట్నించీ బస్‌స్టాప్‌లో కూర్చుంటున్నారు."

"నడిచి చూపించడమేంటి మాస్టారూ?"

మాస్టారు రంగు మరకలు పడిన తన చేతులకేసి చూసుకున్నారు.

"ఆయన రెండు కాళ్ళూ మనం చేసినవే మేడమ్."