అంకె లేని నోట్లు

1998 జులై 9, గురువారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఆకాశంలో తునక మబ్బు కూడా లేదు. పడమటి గాలి ఈడ్చి కొడుతోంది. కుందుర్పిలోని బ్యాంకు కౌంటరు మీద కుళ్ళాయప్ప మూడు అయిదు వందల నోట్లు పరిచి, ఎగిరిపోకుండా అరచేత్తో అదిమిపట్టి నిలబడ్డాడు.

"వీటికి నంబర్లు యాడుండాయి సార్?"

కేషియర్ ప్రవీణ్ తల వంచి చూశాడు. గాంధీ బొమ్మతో వచ్చిన కొత్త వరుస నోట్లు. ఆ వరుసలో అయిదు వందలు జనం చేతికి వచ్చి ఏడాది కూడా కాలేదు. బొమ్మ ఉంది, సంతకం ఉంది, వెలుతురుకు పట్టి చూస్తే లోపల దారం కూడా ఉంది. నంబరు ఉండవలసిన రెండు చోట్లూ తెల్లగా ఉన్నాయి.

"ఎవరు చెప్పినారు?"

"విత్తనాల అంగడి రామాంజులు. దొంగ నోట్లని నా మొగాన కొట్టినాడు. నిన్న మీ చేత్తోనే ఇస్తిరి గదా సార్."

అది నిజమే. పంట రుణంలో పాత బాకీ పట్టుకోగా కుళ్ళాయప్పకు మిగిలినవి ఆ మూడు నోట్లే. ప్రవీణ్ కొత్త కట్ట విప్పి, చూసుకోకుండా ఇచ్చాడు. ఇక్కడే సరిచూసుకోవాలనీ, తరువాత బాధ్యత తమది కాదనీ కౌంటరు అద్దం మీద రాసి ఉన్న మాటా నిజమే. కుళ్ళాయప్పకు చదువు రాదు.

పక్కనున్న అతని భార్య తిరుపాలమ్మ కొంగు నడుముకు దోపుకుంది.

"ఏమప్పా, దుడ్లిచ్చేటప్పుడు కండ్లు యాడ పెట్టుకున్నావు? బాడిగెద్దులు ఇత్తే గొర్రు కట్టుకోని చేన్లో నిలబడుకోనుండాయి. మొన్న రాత్రి వాన, నిన్నంతా ఈ పాడు గాలి. రేపటికి పదును ఆరిపోతాది. ఆరినాక ఇత్తనం యాడెయ్యాల, నీ నెత్తినా?"

అటెండరు ఎర్రిస్వామి కిసుక్కున నవ్వి, ప్రవీణ్ చూపు తగిలి మానుకున్నాడు.

ఆ ఎర్రనేలలో వాన తడి రెండు రోజులు నిలవడమే గొప్ప. తడి ఉండగా పడిన వేరుశనగ విత్తనమే మొలుస్తుంది. మళ్ళీ వాన ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఆ దంపతులకు ఆ పూట విత్తనం దొరకకపోవడమంటే ఆ సంవత్సరం తిండి దొరకకపోవడమే.

"నేనూ సేద్యగాని కొడుకునే పెద్దాయనా, పదును సంగతి నాకు తెలుసు" అన్నాడు ప్రవీణ్ నెమ్మదిగా. "ఇవి దొంగ నోట్లు కావు. అచ్చులో తప్పు పడినాది. అనంతపురం పెద్దాఫీసులో కాగితం రాసిస్తే మారుస్తారు."

"ఎన్నాళ్ళకు?"

"వాళ్ళు హైదరాబాదుకు పంపాల. వారం కావచ్చు, నెల కావచ్చు. యాడివని అడుగుతారు. పోలీసులు కూడా ఒక మాట అడిగినా అడగొచ్చు."

కుళ్ళాయప్ప అరచెయ్యి నోట్ల మీది నుంచి జారింది.

"పోలీసులా? మేమేం జేసినామప్పా?" తిరుపాలమ్మ గొంతు మొదటిసారి తగ్గింది.

"మీరేం చేయలేదమ్మా. అడుగుతారంటాండా, అంతే."

"ఇంట్లో అమ్మేదానికి ఏమీ లేదు సార్" అన్నాడు కుళ్ళాయప్ప. "ఉన్న నాలుగు గొర్రెలూ పోయినేడే అమ్ముకుంటిమి. ఏం జేయాల్నో మీరే చెప్పండి."

 ప్రవీణ్ జేబులోంచి పర్సు తీశాడు. తొమ్మిది వందలే ఉన్నాయి.

"ఎర్రిస్వామీ, ఆరు వందలు చేబదులియ్యి. జీతం నాడు ఇస్తా."

"మళ్ళా మొదలుపెట్టినారా సార్?" ఎర్రిస్వామి తిరుపాలమ్మ వైపు తిరిగాడు. "చూడక్కా, కొత్త నోట్లు వచ్చినప్పట్నుంచి మా సారుకు ఇదే పని. కోత తప్పినవి, రంగు అలికినవి, ఎవురూ ముట్టని నోట్లన్నీ సొంత దుడ్లిచ్చి తీసుకోని పుస్తకంలో పెట్టుకుంటాడు. నోట్లకు అనాథాశ్రమం పెట్టినాడు! ఇంట్లో ఆయమ్మ తిడ్తే ఈడికొచ్చి నా క్యారియర్లో తింటాడు."

"నీ వాగుడాపి దుడ్లు తియ్యి."

పదిహేను వందలూ కౌంటరు మీదికి వచ్చాయి. కుళ్ళాయప్ప తన మూడు నోట్లను అలవాటుగా నాలుగు మడతలు పెట్టబోయాడు.

"మడవద్దు పెద్దాయనా!" ప్రవీణ్ చప్పున అతని చెయ్యి పట్టుకున్నాడు. "పై ఆఫీసుకు చూపించాల్సొస్తే మడత ఉండకూడదు."

అంచులు పట్టి వాటిని తీసుకుని, ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టాడు.

"నోరు జారితి నాయనా, మనసులో పెట్టుకోవద్దు" అంది తిరుపాలమ్మ.

"పొండమ్మా, పొద్దు పోతాంది."

కాళ్ళకు మొక్కుదామంటే మధ్యలో కౌంటరు అడ్డం. కుళ్ళాయప్ప ఆ చెక్కనే తాకి, చేతులు కళ్ళకు అద్దుకున్నాడు.

ఆ సాయంత్రానికి విత్తనం పడింది. వారం తిరగకుండానే మొలిచింది. అయితే తరువాతి వాన సెప్టెంబరులో గాని రాలేదు. అప్పటికి చేలో మేతకు పనికివచ్చే ఆకు కూడా మిగలలేదు. రుణం పాత బాకీల్లో చేరింది, పాత బాకీ మరుసటి ఏటి రుణాన్ని మింగింది, మూడో ఏట ఉన్న నాలుగెకరాలూ పోయాయి. ఆలుమగలు బెంగుళూరులో మేస్త్రీల కింద ఇటుకలు మోసే పనికి చేరారు. అక్కడ రేకుల షెడ్డు ముందు కూర్చుని అన్నం తినేటప్పుడు మనుషుల మంచితనం మాట వస్తే, కుళ్ళాయప్ప తోటి కూలీలకు ఎప్పుడూ ఒకే సంగతి చెప్పేవాడు.

"మా కుందుర్పి బ్యాంకులో దేవుడట్లా సారుండె. చెల్లని నోట్లు తీసుకోని, చెల్లే దుడ్లిచ్చినాడు. ఆ పొద్దు ఆయన లేకపోతే మా గతేమప్పా?"

2009లో ముంబయిలో జరిగిన అరుదైన నోట్ల వేలంలో ప్రవీణ్ ఆ మూడు నోట్లను నాలుగున్నర లక్షలకు అమ్మాడు.