వాడి చూశాకే బేరం

“నాడాల మిషనా? పైజమాకి నాడా ఎక్కించడానికి మిషనెందుకురా, పిన్నీసు చాలదూ?” అంది టైలర్ మాస్టారి తల్లి.

“నాడాలు కాదే అమ్మా, నాడులు! నాడుల మిషన్. నడుముకి పట్టీలు అంటించి, సన్నగా కరెంటు పంపిస్తే నొప్పి పోతుంది.”

“నొప్పొక్కటే పోతుందా, ప్రాణం కూడా తోడు వెళ్తుందా?”

మాస్టారికి నవ్వొచ్చింది. కానీ నవ్వితే నడుము పట్టేస్తోంది. బడిపిల్లల యూనిఫారాల గుడ్డ గోడెత్తున లేచి కూర్చుంది. మాస్టారు మాత్రం లేస్తే కూర్చోలేడు, కూర్చుంటే లేవలేడు. కత్తిరింపు బల్ల మీదికి వంగడమంటే ఇక చెప్పక్కర్లేదు. బడి తెరిచేలోపు కుట్టి ఇవ్వకపోతే ఆర్డరు ఎదురు కొట్టువాడికి పోతుంది. వాడు అప్పుడే కత్తెర నూరుకుంటున్నాడు.

“కొత్తది కొనేసుకోండి, పీడా పోతుంది,” అంది భార్య.

“కొత్తదెందుకే? నా నడుమేమన్నా కొత్తదా? పాతదానికి పాతదే జత.”

పేపర్లో ‘వాడిన నాడుల మిషన్ అమ్మబడును’ అన్న ప్రకటన చూసి ఫోన్ చేశాడు. అమ్మేది రిటైరైన ఓ మేనేజరు. ధరెంతంటే చెప్పలేదు గానీ, “తమరేం చేస్తుంటారు?” అని మహా మర్యాదగా అడిగాడు.

“టైలర్నండీ.”

“ఆహా! వెంటనే రండి.”

వెళ్ళాడు. గోడలు నిన్ననే రంగేసినట్టున్నాయి. తలుపులు కిర్రుమనడం లేదు. ఇల్లే ఇంత పొందిగ్గా పెట్టుకున్నవాడు మిషన్‌ని ఇంకెంత బాగా చూసుకునుంటాడో అనుకున్నాడు మాస్టారు.

మేనేజరు స్వయంగా పట్టీలు అంటించి మీట తిప్పాడు. నడుములో చీమలు బారులు తీరాయి. కాసేపటికి అవే పట్టేసిన నొప్పిని మోసుకుపోతున్నట్టనిపించింది.

“అబ్బ, ప్రాణం లేచొచ్చింది! ఎంతకిస్తారు?”

“ధరదేముందండీ! ముందు కొన్నాళ్ళు రోజూ వచ్చి వాడి చూడండి. నచ్చితేనే బేరం. నడుము మీదైతే తొందర నాకెందుకు?”

అక్కడ మీట తిరుగుతుంటే ఇక్కడ మాస్టారి బుర్ర తిరిగింది. వాడి చూడ్డానికి పైసా ఖర్చు లేదు. చూస్తూ ఉంటే నొప్పే పోతుంది. నొప్పి పోయాక మిషన్ దేనికి?

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. “కుట్టేవాడికి కుట్ర తెలీదనుకున్నావా?”

“పాపం, అంత మంచాయన్ని మోసం చేస్తే కళ్ళు పోతాయండీ!”

“కళ్ళకి జోడుందే. నడుముకేముంది?”

మర్నాడు పట్టీలు అంటించగానే మేనేజరు భార్య ఓ కోటు పట్టుకొచ్చింది. “అన్నయ్యగారూ, ఊరికే కూర్చుంటే మీకు తోచదేమో. చేతులు ఖాళీయే కదా, ఈ లైనింగు కాస్త...”

కాదంటే ‘కొంటావా, పోతావా’ అంటారేమోనని భయం. మాస్టారు సూది అందుకున్నాడు.

“ఎంత ఉదార స్వభావమండీ మీది!” అన్నాడు మేనేజరు.

“ఉదారంలోనే దారం ఉంది కదండీ!” అన్నాడు మాస్టారు, లోపల నవ్వుకుంటూ. పిచ్చి మారాజు, నాలుగు కుట్లకే పొంగిపోతున్నాడు!

ఆ తర్వాత సోఫా గలీబులొచ్చాయి. గలీబుల వెనకే కర్టెన్లు. కర్టెన్ల చాటునుంచి మేనేజరు ప్యాంట్లన్నీ వరసకట్టాయి, నడుము దగ్గర వదులు చెయ్యాలని. మాస్టారి నడుము పట్టు వదులుతోంది, మేనేజరు నడుము పట్టీ వదులవుతోంది. ఇద్దరికీ హాయి. కొట్లో యూనిఫారాల గుడ్డ రోజురోజుకీ చొక్కాలుగా, నిక్కర్లుగా మారి బడికి చేరిపోయింది. ఎదురు కొట్టువాడు కత్తెర ఒరలో పెట్టేశాడు.

ఇక మిగిలింది ‘వద్దు’ అని చెప్పడమే. మాస్టారు చివరిసారి పట్టీలు పీకించుకుని, విల్లులా వంగి, బాణంలా లేచాడు.

“ఏమీ అనుకోకండి. మిషన్ రంగు నచ్చలేదు. మా ఆవిడ ఆకుపచ్చదే కావాలంటోంది.”

మేనేజరు మొహం చిన్నబోయింది. “పోనీలెండి, మాకు రాసిపెట్టి లేదు,” అంటూ గేటుదాకా సాగనంపాడు.

మాస్టారు వీధి మలుపుదాకా నవ్వు ఆపుకుని, అక్కడ విరగబడి నవ్వాడు. నడుము పట్టలేదు.

అక్కడ ఇంట్లో మేనేజరు తన ప్యాంట్లు మడిచి బీరువాలో పెట్టుకున్నాడు. భార్య పట్టీలు తుడిచి, మిషన్‌ని డబ్బాలో సర్దబోయింది.

“బయటే ఉంచు,” అన్నాడాయన. “రేపొచ్చేది ప్లంబరు.”